పాలు పడ్డాయా అని అడిగే ముందు

పురిటి గదిలోకి అడుగుపెట్టిన ప్రతివారి నోటా మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే: "పాలు పడ్డాయా?" నరసరావుపేట పట్టణంలోనైనా, మాచర్లలోనైనా, గురజాల చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఇందులో తేడా లేదు. అమ్మమ్మ అడుగుతుంది, అత్తగారు ఫోనులో అడుగుతుంది, చూడవచ్చిన ఇరుగుపొరుగు అడుగుతారు, చివరకు వైద్యులమైన మేమూ అదే అడుగుతాము. "నీకెలా ఉందమ్మా? రాత్రి కాసేపైనా నిద్ర పట్టిందా?" అని అడిగేవారు అరుదు. ఈ రెండో ప్రశ్నను మొదటిదాని కంటే ముందు అడగాలన్నదే నా అభిప్రాయం.

ఈ మాట చెప్పడానికి నన్ను పురికొల్పినది నా పొరపాటే. చాలా ఏళ్ల క్రితం ఒక పెద్దావిడ రెండు వారాల మనవరాలిని ఎత్తుకుని నా దగ్గరకు వచ్చింది. వెనుక ఆమె కూతురు చెవులకు గుడ్డ కట్టుకుని, నేల చూపులు చూస్తూ నిలబడింది. "పాపకు పాలు చాలడం లేదయ్యా, డబ్బా పాలు రాయండి" అన్నది పెద్దావిడ. పాపను తూచాను. బరువు సరిగానే ఉన్నది. "పాలు చాలుతున్నాయి, డబ్బా అక్కరలేదు" అని చెప్పి పంపించాను. పాప విషయంలో నేను చెప్పినది సరైనదే. అయితే ఆ తల్లి ముఖం వంక ఒక్కసారి కూడా చూడలేదు. ఆమె తిండి మానేసిందనీ, పాపను ఎత్తుకోవడానికి భయపడుతున్నదనీ, "నేను పోతే దీనికి మంచి తల్లి దొరుకుతుంది" అంటున్నదనీ నెల తరువాత వారు మళ్లీ వచ్చినప్పుడు తెలిసింది. సకాలంలో చికిత్స అంది ఆమె కోలుకున్నది. అది ఆమె అదృష్టం, నా అదృష్టం కూడా.

పాలకూ మనసుకూ ఉన్న సంబంధం ఊహ కాదు, శరీరధర్మం. పాలను తయారుచేయించే హార్మోను ప్రొలాక్టిన్. తయారైన పాలను బయటకు వదిలించేది ఆక్సిటోసిన్. నొప్పి, భయం, దిగులు ఈ రెండోదానిని అణచివేస్తాయి. రొమ్ములో పాలు ఉంటాయి, బిడ్డ నోటికి మాత్రం సరిగా అందవు. బిడ్డ ఏడుస్తుంది, చుట్టూ ఉన్నవారు "పాలు లేవు" అంటారు, తల్లికి దిగులు మరింత పెరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో కాన్పుల్లో 42 శాతానికి పైగా సిజేరియన్లే. కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని తల్లిని మొదటి రోజునే పాల గురించి నిలదీయడం ఎంతవరకు న్యాయం?

కాన్పు తరువాత మూడో రోజు మొదలుకొని ఊరికే కన్నీళ్లు రావడం, చిరాకు పడటం చాలామందిలో కనిపిస్తుంది. కాన్పుతో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ ఒక్కసారిగా పడిపోవడం దీనికి ఒక కారణం. ఇది రెండు వారాల్లో తగ్గిపోతుంది. అంతకు మించి దిగులు కొనసాగితే, దేనిమీదా ఆసక్తి లేకపోతే, బిడ్డ నిద్రపోతున్నా తల్లికి నిద్ర పట్టకపోతే అది ప్రసవానంతర కుంగుబాటు. భారతదేశంలో జరిగిన అనేక అధ్యయనాలను క్రోడీకరించి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన ఒక పరిశీలన, ఇది సుమారు 22 శాతం తల్లుల్లో ఉన్నదని అంచనా వేసింది. అంటే దాదాపు ప్రతి ఐదుగురిలో ఒకరు. ఇక వెయ్యిమందిలో ఒకరిద్దరికి మతి చలించడం, లేనివి కనిపించడం, వినిపించడం జరుగుతుంది. అది అత్యవసర స్థితి. ఒక్క రోజు కూడా ఆలస్యం చేయరాదు. దానిని "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించి కాలయాపన చేస్తే తల్లీబిడ్డలిద్దరి ప్రాణాలకూ ముప్పు.

మన ఆచారాల్లో మంచి లేకపోలేదు. తొలి కాన్పుకు పుట్టింటికి తీసుకురావడం, స్నానం చేయించడం, వేళకు వండిపెట్టడం ఏ మందుకూ తీసిపోని ఆసరా. కానీ మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తవారింటికి పంపగానే ఆ ఆసరా తెగిపోతుంది. కుంగుబాటు కాన్పయిన ఏడాదిలోపు ఎప్పుడైనా మొదలుకావచ్చునన్న సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు. పల్నాటిలో కూలి కుటుంబాల తల్లికి మరొక కష్టం ఉన్నది. మిరపకాయ కోతల కాలంలో ఆమె ఇంట్లో కూర్చుంటే పూట గడవదు. పొలంలో రొమ్ములు పాలతో గట్టిపడి సలుపుతుంటాయి. ఎంత కడిగినా మంట వదలని చేతులతో బిడ్డను తాకాలంటే ఆమెకు భయం. అటువంటి తల్లికి తల్లిపాల గొప్పతనం గురించి ఉపన్యాసం ఇచ్చి ఏం లాభం? కొన్ని నెలలు పనికి వెళ్లకుండా గడిచే మార్గం కావాలి. అది లేనప్పుడు పొలం గట్టున బిడ్డను చూసుకునే మనిషైనా కావాలి.

నేను తల్లిపాలకు వ్యతిరేకిని కాను. మొదటి గంటలో ముర్రుపాలు, ఆరు నెలల వరకు కేవలం తల్లిపాలు అన్న సూత్రం అక్షరాలా నిజం. పాల డబ్బాల ప్రకటనలను 1992 నాటి చట్టం నిషేధించడం సబబే. కానీ పాలివ్వడాన్ని తల్లి ప్రేమకు పరీక్షగా మార్చితే, ఆ పరీక్షలో తప్పానని నమ్మిన తల్లి బిడ్డకు మరింత దూరమవుతుంది. సరైన సాయం అందితే చాలామంది తల్లులు పాలివ్వగలరు. ఇవ్వలేని కొద్దిమందికి వైద్యుని సలహాపై వేరే పాలు పట్టడం పాపం కాదు. మందులు వాడితే పాలు మాన్పించాలన్న అపోహ కూడా వదులుకోవాలి. సెర్ట్రలిన్ వంటి కుంగుబాటు మందులు పాలలోకి వెళ్లేది చాలా స్వల్పం. వైద్యుల పర్యవేక్షణలో వాటిని వాడుతూ పాలివ్వవచ్చు. సొంతంగా మొదలుపెట్టడం, సొంతంగా ఆపివేయడం రెండూ తప్పే.

చేయవలసినది కొండంత పనేమీ కాదు. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 42 రోజుల్లో ఆరుసార్లు వస్తుంది. బిడ్డను తూస్తుంది, ఒళ్లు వేడిగా ఉందేమో చూస్తుంది. అదే సమయంలో తల్లిని పక్కకు పిలిచి రెండు ప్రశ్నలు అడగవచ్చు: "ఈమధ్య మనసు దిగులుగా, నిరాశగా ఉంటున్నదా? ఏ పనిమీదా ఆసక్తి, సంతోషం లేకుండా పోయాయా?" ఏ ఒక్కదానికి అవునన్నా వైద్యునికి చూపించాలి. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా ఇలాగే కనిపిస్తాయి కనుక ఆ పరీక్షలూ చేయించాలి. ఆరు, పది, పద్నాలుగు వారాల టీకాలకు వచ్చినప్పుడు ఇవే ప్రశ్నలు మళ్లీ అడగాలి. మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. పచ్చి బాలింతకు అది తేలిక కాదు. అందుకే 14416 నంబరును గుర్తుంచుకోండి. అది కేంద్ర ప్రభుత్వ టెలిమానస్ సేవ, 2022 నుంచి ఉచితంగా పనిచేస్తున్నది. చనిపోవాలన్న మాట తల్లి నోట వస్తే మాత్రం ఆమెను ఒంటరిగా వదలక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

భర్తలకు ఒక మాట. రాత్రి బిడ్డ లేచినప్పుడు పాలు మీరివ్వలేరు. పాలు తాగాక బిడ్డను భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించగలరు, తడిగుడ్డలు మార్చగలరు, ఆమెను మరో రెండు గంటలు నిద్రపోనివ్వగలరు. ఈసారి బాలింతను చూడడానికి వెళ్లినప్పుడు బిడ్డను ఎత్తుకునే ముందు ఆ తల్లి పక్కన కూర్చుని, "నీకెలా ఉందమ్మా?" అని అడిగి, ఆమె జవాబు పూర్తయ్యేదాకా ఆగండి.