తలుపులమ్మేసి మండువా మీద కవిత్వమా?

మండువా లోగిలి మీద ఇంకో కవిత వచ్చిందంటే నాకు విసుగొస్తోంది. వానధార, తులసికోట, నానమ్మ, వాలుకుర్చీ అన్నీ ఉంటాయి. ఆ ఇంటికి గుమ్మం చెక్కిన వడ్రంగి మాత్రం ఒక్క పాదంలోనూ ఉండడు.

మాచర్ల నుంచి ఎత్తిపోతలకి వెళ్తాం. 70 అడుగుల ఎత్తు నుంచి దూకే చంద్రవంకని ఫోన్లో పట్టుకోడానికి అందరం ఆగుతాం. చుట్టుపక్కల ఊళ్లలో మిగిలిన పాత ఇళ్ల ముందు ఎవరూ ఆగరు. నాపరాళ్ల పల్నాడులో కర్రపనేంటి అంటారా? గోడ రాయిదే. ద్వారబంధం, దూలం, వాసాలు, వసారా స్తంభాలు మాత్రం కర్రవి.

ఈ నేల మీద కర్ర రాయికి గురువు. మన జిల్లాలోనే చేజెర్ల కపోతేశ్వరాలయం ఉంది, ఒకప్పటి బౌద్ధ చైత్యం. దాని వంపు కప్పు చూడండి. గుంటుపల్లి గుహ లోపల రాతి కప్పుకి చెక్కిన వాసాలు చూడండి. రాయికి వాసాలతో పనేముంది? కర్ర ఇంటిని చూసి నేర్చుకున్న పాఠం అది. ఆ శిష్యుణ్ని మాత్రం బాగానే కాపాడుకున్నాం. సాగర్ డ్యామ్ కట్టేటప్పుడు నాగార్జునకొండ లోయలో మునిగిపోయే కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదకీ, అనుపుకీ తరలించి మళ్లీ పేర్చాం. గురువుకి ఆ యోగం లేదు. ఇల్లు కూలగానే ద్వారబంధం పాతకలప కొట్టుకి, అక్కణ్నించి నగరంలో ఏ కెఫే గోడకో చేరుతుంది. దాని ముందు ఫొటో దిగి ‘మన మూలాలు’ అని రాసుకుంటాం.

‘అవి దొరల ఇళ్లు, కూలితే కూలనీ’ అనే మిత్రులున్నారు. ఆ గడప ఎవరు దాటారో, ఎవరు వాకిట్లోనే ఆగిపోయారో నాకూ తెలుసు. కానీ ఇల్లు దొరదైనా ఉలి దొరది కాదు కదా! కట్టించినవాడి పేరు ఊరంతా చెప్తుంది. చిలకనీ లతనీ చెక్కినాయన పేరు ఎక్కడా లేదు. ఆయనకున్న ఒకే ఒక్క సంతకం ఆ గుమ్మం.

రష్యా పల్లెల కర్ర ఇళ్లు మనలో చాలామందికి రాదుగ పుస్తకాల బొమ్మల్లోంచి తెలుసు. కిటికీల చుట్టూ లేసు అల్లినట్టు చెక్కిన ఆ చట్రాల్ని వాళ్లు ‘నలీచ్నికి’ అంటారు. 2015లో సమారా నగరంలో కొందరు వాలంటీర్లు ‘టామ్ సాయర్ ఫెస్ట్’ అని పేరుపెట్టి, మనుషులు కాపురముంటున్న పాత ఇళ్లకే మరమ్మతులు, రంగులు మొదలుపెట్టారు. అది వేరే ఊళ్లకీ పాకింది.

మనం కనీసం రాసుకోవచ్చు. ఈసారి అటు వెళ్తే ఒక పాత గుమ్మం ముందు ఆగండి. ఊళ్లో పెద్ద వడ్రంగి ఉంటే ఏ భాగాన్ని ఏమంటారో, ఏ పనికి ఏ ఉలో అడగండి. ఇంటివాళ్లు ఎందుకు అమ్మేస్తున్నారో కూడా అడగండి. కారే పెంకులు, చెదలు, బాగుచేసే మనిషి దొరక్కపోవడం గురించి చెప్తారు. వాళ్లని తప్పుపట్టే హక్కు మనకి లేదు.

ఆ తర్వాత కవిత రాయండి. చదువుతాను.