ఆన్‌లైన్ పాఠానికి పొలంబడే ఆదర్శం

వ్యవసాయ విద్యలో ఆన్‌లైన్ బోధన ఇప్పుడు తాత్కాలిక ఏర్పాటు కాదు. 2020లో కోవిడ్ వల్ల కళాశాలలు మూతపడినప్పుడు అనివార్యంగా విస్తరించిన ఈ పద్ధతి క్రమంగా పాఠ్య ప్రణాళికలో భాగమైంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి నియమించిన ఆరవ డీన్ల కమిటీ, డిగ్రీ విద్యార్థులు 10 క్రెడిట్ల మేరకు ఆన్‌లైన్ కోర్సులు చేయాలని సూచించింది. అంతకు చాలా ముందే జాతీయ వ్యవసాయ నూతన ఆవిష్కరణల ప్రాజెక్టు కింద ఏడు డిగ్రీ విభాగాలకు ఈ-కోర్సులు రూపొందాయి. 2017లో ‘స్వయం’ వేదిక ప్రారంభమైంది. కాబట్టి పాఠ్య సామగ్రికి కొరత లేదు. ఆ సామగ్రితో విద్యార్థి ఏమి చేయాలన్న ఆలోచన మాత్రం కొరవడింది.

చాలాచోట్ల ఆన్‌లైన్ పాఠమంటే తరగతి ఉపన్యాసాన్ని రికార్డు చేసి, దానికి స్లైడ్లు జోడించి, చివర బహుళైచ్ఛిక ప్రశ్నలు పెట్టడమే. విద్యార్థి పరీక్షకు ముందురోజు వీడియోను రెట్టింపు వేగంతో నడిపించి పని ముగిస్తాడు. హాజరు నమోదవుతుంది, మార్కులూ వస్తాయి. కానీ ఆ కోర్సులో అతడు స్వయంగా తీసుకున్న నిర్ణయం ఒక్కటీ ఉండదు.

విస్తరణ శాస్త్రం నేర్పిన గుణపాఠం

ఈ లోపం విస్తరణ శాస్త్రవేత్తలకు కొత్తది కాదు. డేనియల్ బెనోర్ రూపొందించిన శిక్షణ-సందర్శన విధానం 1970వ దశకంలో ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో భారతదేశంలో విస్తరించింది. పరిశోధన కేంద్రం నుంచి సందేశం బయలుదేరి, నిర్ణీత రోజున విస్తరణ కార్యకర్త ద్వారా సంప్రదింపు రైతుకు చేరేది. అన్ని పొలాలకూ ఒకే విధంగా వర్తించే సూచనలకు ఆ విధానం బాగానే పనిచేసింది. పొలం పొలానికీ పరిస్థితి మారే సమస్యల దగ్గర మాత్రం అది చాలలేదు.

ఇండోనేషియాలో వరిని నాశనం చేసిన సుడిదోమ అటువంటి సమస్యే. విచక్షణ లేకుండా వాడిన పురుగుమందులు మిత్రపురుగులను చంపడంతో దోమ మరింత విజృంభించింది. 1986లో ఆ ప్రభుత్వం వరిపై 57 రకాల పురుగుమందుల వాడకాన్ని నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో అక్కడ రైతు క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. తెలుగు నేల మీద వాటికి ‘పొలంబడి’ అన్న చక్కని పేరు స్థిరపడింది. పొలంబడిలో ఇరవై అయిదు, ముప్పై మంది రైతులు పంటకాలమంతా వారానికొకసారి కలుస్తారు. చిన్న బృందాలుగా చేలో దిగి, చూసినదాన్ని పటంగా గీసి, చర్చించి, ఆ వారం ఏమి చేయాలో తామే తేల్చుకుంటారు. నిర్వాహకుడు సమాధానం చెప్పడు, ప్రశ్న అడుగుతాడు.

విచిత్రమేమంటే, రైతుకు పొలంబడి కావాలని బోధించే విశ్వవిద్యాలయాలే తమ విద్యార్థులకు ఆన్‌లైన్‌లో శిక్షణ-సందర్శన విధానాన్ని అమలు చేస్తున్నాయి. నిర్ణీత సమయానికి నిర్ణీత సందేశం చేరుతుంది. నిర్ణయం ఎవరిదన్న ప్రశ్న మాత్రం తలెత్తదు.

స్వయంప్రతిపత్తి అంటే వదిలివేయడం కాదు

మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయన్ మనిషిలో నేర్చుకోవాలన్న ఆసక్తి నిలవడానికి మూడు అవసరాలు తీరాలన్నారు. ఎంచుకునే స్వేచ్ఛ, చేయగలనన్న నమ్మకం, తోటివారితో అనుబంధం ఆ మూడు. పొలంబడిలో ఈ మూడూ ఉన్నాయి. రికార్డు చేసిన ఉపన్యాసంలో ఒక్కటీ లేదు.

అయితే స్వేచ్ఛ పేరుతో విద్యార్థిని ఒంటరిగా వదిలితే ఫలితం మరింత అధ్వానంగా ఉంటుంది. హార్వర్డ్, ఎంఐటీ సంస్థలు ఎడెక్స్ వేదికపై అందించిన ఆన్‌లైన్ కోర్సుల సమాచారాన్ని విశ్లేషించి 2019లో ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన వ్యాసం ప్రకారం, 2017-18లో చేరినవారిలో కోర్సు పూర్తి చేసినవారు 3.13 శాతమే. మరోవైపు విజ్ఞాన, సాంకేతిక, గణిత విషయాల బోధనపై 225 అధ్యయనాలను క్రోడీకరించిన 2014 నాటి విశ్లేషణలో, ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో సగటున 33.8 శాతం మంది తప్పగా, విద్యార్థులు చురుకుగా పాల్గొన్న తరగతుల్లో ఆ వాటా 21.8 శాతం. వీడియో నాణ్యత కన్నా, విద్యార్థికి అప్పగించిన పనీ, ఆ పనిలో అతడికి దొరికే తోడూ ముఖ్యమని ఈ రెండూ కలిసి సూచిస్తున్నాయి.

వరి పాఠం ఎలా ఉండవచ్చు

ఖరీఫ్ పంటల కోర్సులో వరినే ఉదాహరణగా తీసుకోవచ్చు. అరవై మంది విద్యార్థులను అయిదుగురు చొప్పున పన్నెండు బృందాలు చేయాలి. కళాశాల క్షేత్రమో, సమీప రైతు పొలమో, నాటిన వరో, నేరుగా విత్తిన వరో బృందమే ఎంచుకోవాలి. ప్రతి వారం పది దుబ్బుల్లో పిలకలు లెక్కించి, ఆకు రంగును పట్టికతో సరిపోల్చి, పురుగులనూ మిత్రపురుగులనూ వేర్వేరుగా నమోదు చేసి, నీరు, కలుపు, వాతావరణ వివరాలతో ఒకే పటం గీయాలి. పటం అడుగున ‘ఈ వారం ఏమి చేయాలి, ఎందుకు’ అన్నదానికి జవాబు రాయాలి. ఫొటో తీసి పంపితే చాలు. మరో బృందం దానిపై రెండు ప్రశ్నలు వేస్తుంది. మరుసటి వారం తమ నిర్ణయం ఏమైందో ఆ బృందమే రాస్తుంది.

ప్రత్యక్ష ఆన్‌లైన్ తరగతిలో అధ్యాపకుడు ఉపన్యసించనక్కరలేదు. ఒకే పరిశీలన నుంచి భిన్న నిర్ణయాలకు వచ్చిన రెండు పటాలను పక్కపక్కన పెడితే చాలు. చదరపు మీటరుకు కాండం తొలిచే పురుగు గుడ్ల సముదాయం ఒకటి కనిపించిందనుకుంటే, ఆర్థిక నష్టపరిమితి చేరిందని ఒక బృందం మందు సూచిస్తుంది. ఇంకో బృందం ఆ గుడ్లను గాజు గొట్టంలో ఉంచి, వాటినుంచి పురుగు పిల్లలు వస్తాయా, పరాన్నజీవి కందిరీగలు వస్తాయా అని చూస్తుంది. ఏది సరైనదన్న వాదన మొదలైన క్షణంలోనే నష్టపరిమితి అన్న భావన విద్యార్థికి నిజంగా అర్థమవుతుంది.

రికార్డు చేసిన పాఠాలు అనవసరమని దీని అర్థం కాదు. అవి ఎనిమిది, పది నిమిషాలకు మించకుండా, నారుమడి, పిలక, అంకురం, పూత దశలకు అనుగుణంగా అవసరమైన వారంలోనే అందాలి. పైరు విద్యార్థి కోసం ఆగదు. సెమిస్టరు పంచాంగం పంట పంచాంగాన్ని అనుసరించాలి.

విద్యార్థి ఇష్టానికి వదలకూడనివీ ఉన్నాయి. హెక్టారుకు 120 కిలోల నత్రజనికి సుమారు 261 కిలోల యూరియా కావాలని లెక్కగట్టడం, పురుగుమందు డబ్బాపై సూచనలు చదవడం, రక్షణ జాగ్రత్తలు పాటించడం ప్రతి ఒక్కరికీ తప్పనిసరి. వీటికి ఎన్నిసార్లయినా రాయగల ఆన్‌లైన్ పరీక్ష పెట్టి, పూర్తిగా పట్టు సాధించిన తరువాతే ముందుకు పంపాలి.

అభ్యంతరాలు

గ్రామాల్లో ఇంటర్నెట్ సరిగా అందదన్నది వాస్తవం. అందుకే ఈ నమూనాలో నిడివైన వీడియోల కన్నా ఫొటోలకు, చిన్న ఆడియోలకు, రాతకు ప్రాధాన్యం. అధ్యాపకుడిపై భారం పెరుగుతుందన్న మాటలోనూ కొంత నిజముంది. అయితే అతడు వారానికి చూడవలసినవి అరవై జవాబు పత్రాలు కావు, పన్నెండు పటాలు. ఆ శ్రమను బోధన గంటలుగా గుర్తించవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలది. ఇక నకలు సంగతి. కృత్రిమ మేధ ఏ వ్యాసాన్నైనా క్షణాల్లో రాసిపెడుతుంది కానీ, ఒకానొక చేలో నిన్న ఎన్ని సాలీళ్లు ఉన్నాయో చెప్పలేదు.

అసలు విషయం పట్టా పొందిన తరువాత తేలుతుంది. గ్రామ వ్యవసాయ సహాయకుడిగానో, మండల వ్యవసాయ అధికారిగానో చేరిన యువకుడి ముందు తెగులు సోకిన మొక్కతో రైతు నిలబడినప్పుడు, జవాబులు ఎంచుకోవడానికి నాలుగు ఐచ్ఛికాలు ఉండవు. నాలుగేళ్ల చదువులో ఒక్క నిర్ణయమూ తీసుకోని పట్టభద్రుడు ఆ క్షణంలో మందుల దుకాణం సలహానే పునరుక్తి చేస్తాడు. దాని మూల్యం చెల్లించేది రైతు.

పాఠ్య ప్రణాళిక మొత్తాన్ని ఒక్కసారిగా మార్చనక్కరలేదు. వచ్చే ఖరీఫ్‌లో ఒక కళాశాల, ఒక కోర్సులో ఒక యూనిట్‌ను ఈ విధంగా నడపవచ్చు. పొలంబడిలో రైతులకు పెట్టే బ్యాలెట్ పెట్టె పరీక్షనే, చేలో నిజమైన మొక్కల దగ్గర, యూనిట్‌కు ముందూ తరువాతా విద్యార్థులకు పెట్టి, మామూలు పద్ధతిలో చదివిన సెక్షన్‌తో సరిపోల్చవచ్చు. ఏ కొత్త వంగడాన్నీ ప్రయోగ క్షేత్రంలో పరీక్షించకుండా విడుదల చేయని విశ్వవిద్యాలయాలు, తమ బోధన పద్ధతులకూ అదే నియమం వర్తింపజేయడం న్యాయం.