వసుధార... తుంపర తాకితేనే పుణ్యమా?

బదరీనాథ్‌ వెళ్లిన మనవాళ్లు స్వామి దర్శనం కాగానే జీపెక్కి మూడు కిలోమీటర్ల దూరంలోని మాణా ఊరు చూసొస్తారు. వ్యాసగుహ, గణేశగుహ, సరస్వతి నది మీద భీముడు వేశాడని చెప్పే బండరాతి వంతెన భీమ్‌పుల్‌... అవి చూసి, వేడివేడి టీ తాగి వెనుదిరుగుతారు. ఆ వంతెన దాటి ముందుకు నడిచేవాళ్లు కొద్దిమందే. వాళ్లు వెళ్లేది వసుధార జలపాతం దగ్గరకు!

మాణా నుంచి సుమారు ఐదు కిలోమీటర్ల రాళ్లబాట. చెట్టు నీడ ఉండదు. పక్కనే లోయలో అలకనంద. చివరికి దాదాపు 400 అడుగుల ఎత్తు నుంచి, కొండకు ఆరేసిన తెల్లపంచెలా కనిపిస్తుంది వసుధార. పైనున్న మంచు, హిమానీనదాలు కరిగి వచ్చే నీరది. కింద అలకనందలో కలుస్తుంది.

అష్టవసువులు ఇక్కడే తపస్సు చేశారనీ, పాండవులు స్వర్గారోహణకు ఈ దారినే వెళ్లారనీ చెబుతారు. పాపాత్ముల మీద ఈ నీటి చుక్క పడదన్నది మరో నమ్మకం. దాంతో కాళ్లు మొరాయిస్తున్నా, ఆయాసం వస్తున్నా ‘ఇంత దూరం వచ్చి వెనక్కి వెళ్తే ఎలా’ అనుకునే పెద్దవాళ్లుంటారు. చిక్కంతా అక్కడే!

నిజానికి అంత ఎత్తు నుంచి పడే నీరు నేలను చేరేలోపే గాలికి తుంపరలుగా చెదిరిపోతుంది. గాలి ఇటు వీస్తే ఇక్కడున్నవాళ్లు తడుస్తారు, అటు వీస్తే అక్కడివాళ్లు. పాపపుణ్యాల లెక్క గాలికేం తెలుసు!

కానీ కొండకు తన లెక్క ఉంది. మాణాయే పదివేల అడుగులకు పైన ఉంది. అక్కడ గాలిలో ప్రాణవాయువు తక్కువ. తలనొప్పి, వాంతులు, కూర్చున్నా తగ్గని ఆయాసం కనిపిస్తే వెంటనే కిందికి దిగడమే మందు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌ను అడగాలి. వాతావరణాన్నీ నమ్మలేం. 2025 ఫిబ్రవరి 28న మాణా దగ్గర హిమపాతం విరుచుకుపడి రోడ్డు పనులు చేసే కార్మికులు 8 మంది చనిపోయారు. చలికాలంలో గుడి మూసేస్తారు, మాణావాసులు కూడా కింది ఊళ్లకు దిగిపోతారు.

వెళ్లాలనుకుంటే మే, జూన్‌ లేదా సెప్టెంబరు, అక్టోబరు మేలు. వానాకాలంలో కొండచరియల భయం ఎక్కువ. బదరీనాథ్‌లో ఒకరోజు ఆగి, ఒళ్లు అలవాటు పడ్డాక తెల్లవారగానే బయల్దేరాలి. స్వెటరు, రెయిన్‌కోటు, మంచినీళ్లు, తినడానికేమైనా వెంట ఉండాలి. భీమ్‌పుల్‌ దాటాక దుకాణాల మీద ఆశ పెట్టుకోకూడదు.

నడవలేని అమ్మమ్మను మాణాలోనే ఎవరో ఒకరు తోడుండి కూర్చోబెడితే తప్పేం లేదు. పైకి వెళ్లిన మనవడు చిన్న సీసాలో వసుధార నీళ్లు పట్టుకొచ్చి ఆమె దోసిట్లో పోస్తే... ఆ తీర్థం అందినట్టే కదా!