ఆగిపోయే కారుకు ముందు కావలసింది సామాను కాదు, పరీక్ష

కర్నూలు జిల్లా పల్లెల్లో పాత కార్లకు కొదవ లేదు. పట్నంలో ఏళ్ల తరబడి తిరిగిన బండి బ్రోకర్ల చేతులు మారి ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల గ్రామాలకు చేరుతుంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. అంబాసిడర్ తయారీ కూడా అదే సంవత్సరం నిలిచిపోయింది. కంపెనీలు చేయడం మానినా పల్లెలు మాత్రం వీటిని పూర్తిగా వదలలేదు. తక్కువ ధరకు దొరకడం, దగ్గరి షెడ్డులోనే మరమ్మతు కావడం ఇందుకు కారణం.

అయితే ఈ బండ్లతో ఒక చిక్కు వున్నది. ఉదయం ఎంత సెల్ఫ్ కొట్టినా స్టార్టు కాదు. నలుగురు తోస్తే కదులుతుంది. కొంత దూరం పోయాక నడిరోడ్డు మీద ఆగిపోతుంది. పావుగంట నీడన నిలిపితే మళ్లీ ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. తీరా షెడ్డుకు తీసుకుపోతే, వైద్యుని గుమ్మం తొక్కగానే పంటినొప్పి మాయమైనట్లు, బండి చక్కగా నడిచి యజమానినే అబద్ధాలకోరుగా నిలబెడుతుంది.

ఇక్కడే అసలు నష్టం మొదలవుతుంది. ఎప్పుడూ ఆగే బండికి జబ్బు కనిపెట్టడం తేలిక. అప్పుడప్పుడు ఆగే బండికే కష్టం. కష్టమైన చోట ఊహ ముందుకొస్తుంది. ఒక రైతు ఇలాంటి బండిని షెడ్డుకు తెచ్చాడనుకుందాం. మొదటిసారి ప్లగ్గులు మారుస్తారు. వారానికి మళ్లీ ఆగితే కాయిల్ మారుస్తారు. తర్వాత పెట్రోలు పంపు. ఆ తర్వాత కార్బురేటర్ మొత్తం. ప్రతిసారీ ఒక బిల్లు, ప్రతిసారీ "ఇక చూడండి" అన్న భరోసా. చివరకు చూస్తే పెట్రోలు ట్యాంకు మూతలోని సన్నని గాలి రంధ్రం మట్టితో పూడిపోయి వుండవచ్చు. సూదితో పోయే జబ్బుకు రైతు వేరుశనగ బస్తాలు అమ్ముకోవలసి వస్తుంది.

ప్రాణాలతో కూడిన విషయం

ఇది డబ్బుతో పోయే విషయం కూడా కాదు. 108 అంబులెన్సు సేవ 2005లో రాష్ట్రంలో ప్రారంభమై ఎందరినో కాపాడింది. అయినా అర్ధరాత్రి నొప్పులు వచ్చినప్పుడు, పాము కరిచినప్పుడు ఊళ్లో వున్న ఒక్క కారు గల ఇంటి తలుపు తట్టడం పల్లెల్లో ఇప్పటికీ వున్నదే. ఆ కారు దారిలో మొరాయిస్తే దానికి జవాబుదారీ ఎవరు?

నడుస్తుండగా ఇంజను ఆగితే మరొక ప్రమాదం వున్నది. చాలా కార్లలో బ్రేకుకు ఇంజను గాలి లాగుడు సాయంగా వుంటుంది. ఇంజను ఆగిన తర్వాత ఒకటి రెండుసార్లు తొక్కేవరకే ఆ సాయం నిలుస్తుంది, ఆపై పెడల్ రాయిలా గట్టిపడుతుంది. కాబట్టి పదేపదే తొక్కకుండా ఒకేసారి గట్టిగా నొక్కి పట్టి బండిని పక్కకు తీయాలి. రైలు పట్టాల మీద ఆగితే ముందు మనుషులందరినీ దింపి పట్టాలకు దూరంగా పంపాలి, గేట్‌మన్‌కు చెప్పాలి. బండి సంగతి ఆ తర్వాత.

ఎప్పుడు ఆగుతున్నది?

ఇంజనుకు కావలసినవి మూడే. గాలితో సరైన పాళ్లలో కలిసిన పెట్రోలు, వేళకు పడే నిప్పురవ్వ, లోపల బిగువైన ఒత్తిడి. ఒత్తిడి తగ్గిన ఇంజను సాధారణంగా రోజూ నీరసంగానే నడుస్తుంది. వచ్చి పోయే జబ్బు ఎక్కువగా పెట్రోలు దారిలోనో, కరెంటు దారిలోనో వుంటుంది.

ఈ రెండింటిలో ఏదో తెలుసుకొనేందుకు బండి ఆగే తీరే మొదటి సాక్ష్యం. స్విచ్ కట్టినట్టు ఒక్కసారిగా ఆగితే కరెంటు వైపు అనుమానించాలి. దగ్గి దగ్గి, కుదుపులిచ్చి, బలం తగ్గి ఆగితే పెట్రోలు వైపు చూడాలి. ఇది తీర్పు కాదు, వెతకడానికి దారి మాత్రమే.

రెండవ సాక్ష్యం వేళ. చల్లని ఉదయం మాత్రమే మొరాయిస్తే చోక్ పూర్తిగా మూసుకుంటున్నదా, బ్యాటరీ నిండుగా వున్నదా, ప్లగ్గుల సందు పెరిగిందా అని చూడాలి. వేడెక్కిన తర్వాత ఆగి, చల్లారాక నడిస్తే కాయిల్, కండెన్సర్ మీద అనుమానం పెట్టాలి. కాయిల్ లోపలి సన్నని తీగ వేడికి సాగి తెగినట్టవుతుంది, చల్లారాక మళ్లీ అంటుకుంటుంది. గుంతలో పడినప్పుడు ఆగితే వదులైన తీగలు, బ్యాటరీ చివరలు, తాళం స్విచ్ చూడాలి. వానలో ఆగితే డిస్ట్రిబ్యూటర్ మూతకు వెంట్రుకవాసి పగులు వున్నదేమో వెతకాలి. ఎత్తు ఎక్కేటప్పుడు, వేగం మీద ఆగితే ఫిల్టరో పంపో కావచ్చు. బస్టాండు దగ్గర కాలు తీయగానే ఆగితే కార్బురేటర్‌లోని స్లో జెట్టులో చెత్త, లేదా పగిలిన రబ్బరు గొట్టం ద్వారా దొంగగాలి కారణం కావచ్చు.

కొంత దూరం పోయాకనే ఆగుతూ, ట్యాంకు మూత విప్పగానే "బుస్సు"మని గాలి లోపలికి పోయి ఆ వెంటనే బండి నడిస్తే, మూత రంధ్రం పూడినట్టే. గాలి పోనిదే పెట్రోలు బయటకు రాదు. నిండు కుండను బోర్లించి మూతి మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు.

జిల్లాలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో ఇంజను పక్కగా పోయే గొట్టంలో పెట్రోలు ఆవిరై అడ్డుపడటం కార్బురేటర్ బండ్లలో వున్నదే. పంపు మీద, గొట్టం మీద తడిగుడ్డ వేసి కొంతసేపు ఆగితే నడిచే బండికి ఇదే జబ్బు కావచ్చు. మందు కొత్త పంపు కాదు. గొట్టాన్ని సైలెన్సర్ పైపుకు దూరంగా జరిపి, వేడి తగలకుండా కాపాడటం.

డీజిలు అంబాసిడర్ల లెక్క వేరు. వాటికి కాయిలూ లేదు, నిప్పురవ్వ ప్లగ్గులూ లేవు. గొట్టం అతుకుల్లో గాలి చొరబడటం, ఫిల్టర్ పూడిపోవడం, ఉదయం పూట హీటర్ ప్లగ్గులు వేడెక్కకపోవడం అక్కడి ముఖ్య కారణాలు. రాత్రంతా నిలిపిన బండిలో గాలి చేరి డీజిలు వెనక్కి జారితే తెల్లవారి ఎంతసేపు సెల్ఫ్ కొట్టినా లాభం వుండదు.

ఆగిన చోటనే చూడాలి

కాబట్టి ఇలాంటి బండిని నడుస్తున్నప్పుడు చూసి ప్రయోజనం లేదు. ఆగి వున్న ఆ పావుగంటలోనే చూడాలి. ఇందుకు పెద్ద చదువు అక్కరలేదు. సెల్ఫ్ కొట్టినప్పుడు లైట్లు బాగా మందగిస్తే ముందు బ్యాటరీ, దాని చివరల్లో పేరుకున్న తెల్లని పొడి, ఎర్త్ తీగ చూడాలి. మీటరు వుంటే నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. సెల్ఫ్ కొడుతుండగా 10 వోల్టుల కంటే బాగా పడిపోతే బ్యాటరీలోనో, కనెక్షన్లలోనో లోపం వున్నట్టు. ఇంజను నడుస్తుండగా 14 వోల్టుల దరిదాపుల్లో లేకపోతే ఛార్జింగు సరిగా లేదు.

తర్వాత నిప్పురవ్వ. పాత పాయింట్ల బండిలో ఒక ప్లగ్గు విప్పి, తీగ తగిలించి, ఇంజను లోహానికి ఆనించి సెల్ఫ్ కొడితే నీలిరంగులో చటుక్కున రవ్వ పడాలి. సన్నగా పసుపుగా పడినా, అసలు పడకపోయినా జబ్బు కరెంటు దారిలో వున్నది. తీగను వట్టి చేత్తో పట్టరాదు. చుట్టుపక్కల పెట్రోలు చుక్క వుండరాదు. విప్పిన ప్లగ్గు రంధ్రం దగ్గర ముఖం పెట్టరాదు. పాయింట్ల సందు కూడా కొలిచి చూడాలి. పెట్రోలు అంబాసిడర్‌లో అది సుమారు 0.4 మిల్లీమీటరు వుండాలి. కంటి అంచనాతో కాక ఫీలర్ గేజీతో కొలవాలి.

రవ్వ బాగుంటే, తాళం తీసేసి, ఎయిర్ ఫిల్టర్ మూత విప్పి, యాక్సిలేటర్ తీగను చేత్తో లాగి కార్బురేటర్ గొంతులోకి చూడాలి. పెట్రోలు ధారగా చిమ్మితే అక్కడి దాకా వస్తున్నట్టు. చిమ్మకపోతే వెనక్కి పోతూ ఫిల్టర్, పంపు, గొట్టాలు, ట్యాంకు ఒక్కొక్కటే చూడాలి. బీడీ, అగ్గిపుల్ల, సెల్‌ఫోన్ మాటలు ఆ దరిదాపుల్లో వుండరాదు. సీసాతో పెట్రోలు కార్బురేటర్‌లో పోసి సెల్ఫ్ కొట్టే అలవాటు ఇప్పటికీ కొన్ని షెడ్లలో వున్నది. మంట వెనక్కి ఎగసి ముఖం కాలే ఆ పని వెంటనే మానాలి.

మారుతి 800లో 2000 సంవత్సరం నుండి వచ్చిన ఇంజెక్షన్ బండ్లకు ఈ ప్లగ్గు పరీక్ష, తీగ లాగే పరీక్ష చేయరాదు. వాటి లోపలి పెట్టె చెడిపోవచ్చు. అక్కడ తాళం తిప్పగానే వెనక ట్యాంకు వైపు రెండు సెకన్ల పాటు పంపు "ఊ" మంటున్నదా వినాలి. వినబడకపోతే ఫ్యూజు, రిలే, పంపు చూడాలి. ఇంజను బొమ్మ దీపం వెలిగే బండికి స్కానర్ వున్న షెడ్డే గతి. స్కానర్ కూడా దారి చూపుతుందే గాని ఫలానా సామాను చెడిందని ప్రమాణం చేయదు. అది పేరు చెప్పిన సెన్సర్‌కు పోయే తీగ తెగినా అదే పేరు చెబుతుంది.

ఇప్పుడు మరొకటి కూడా గమనించాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలును దేశంలో 2023 నుండి అమ్మకానికి తెచ్చారు. పాత బండ్ల రబ్బరు గొట్టాలు, వాషర్లు ఈ కలపడాన్ని దృష్టిలో పెట్టుకొని చేసినవి కావు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెలల తరబడి నిలిపివుంచిన బండి ట్యాంకులో నీరు, తుప్పు చేరే అవకాశం పెరుగుతుంది. అలా అని ప్రతి జబ్బునూ పెట్రోలు బంకు మీదకు నెట్టడం న్యాయం కాదు. మెత్తబడిన, పగిలిన గొట్టాలను సరిచూసుకొని మార్చడం యజమాని బాధ్యత. అవి కారితే మంటలకు దారితీస్తాయి.

తప్పు ఒక్క మెకానిక్‌దేనా?

మెకానిక్కుల వైపు నుండి కూడా ఆలోచించాలి. గంటసేపు తీగలు తడిమి, వదులైన ఒక్క మరను బిగించి "ఇంత ఇవ్వండి" అంటే "మర బిగించినందుకా?" అని యజమానులు కస్సుమంటారు. అదే కొత్త కాయిల్ డబ్బా చూపిస్తే మారు మాట లేకుండా డబ్బు లెక్కపెడతారు. కంటికి కనబడే సామానుకు విలువ ఇచ్చి, కనబడని పరీక్షకు విలువ ఇవ్వకపోతే మెకానిక్ పరీక్ష ఎందుకు చేస్తాడు? ఊహకు బిల్లు కట్టి వెతుకులాటకు బేరమాడే ఈ అలవాటు మారనంతవరకు పాత కారు యజమాని జేబు ఖాళీ అవుతూనే వుంటుంది. వెతికినందుకు విడిగా కూలి ఇవ్వడం ఖర్చు కాదు, పొదుపు.

అందుకు ప్రతిగా షెడ్డువారు కూడా మూడు నియమాలు పాటించాలి. ఏ పరీక్షలో ఆ సామాను చెడినట్టు తేలిందో చెప్పాలి. తీసిన పాత సామాను యజమాని చేతికి ఇవ్వాలి. అనుమానం వున్న కాయిల్, కండెన్సర్ వంటివాటికి తమ దగ్గరి మంచివి ఒక రోజు తగిలించి చూసి, జబ్బు పోయిన తర్వాతే కొత్తవి అమ్మాలి.

యజమానులు బండిలో ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోవాలి. ఆగిన ప్రతిసారీ వేళ, నడిచిన దూరం, ఎండ, వాన, ట్యాంకులో పెట్రోలు, వేడి ముల్లు, ఎంతసేపటికి తిరిగి స్టార్టయిందీ రాయాలి. నాలుగు సార్లు రాస్తే జబ్బు తానే బయటపడే అవకాశం వున్నది. కొత్తగా పాత కారు కొనేవారు తెల్లవారుజామునే పోయి, బానెట్ మీద చెయ్యి వేసి చూడాలి. వెచ్చగా తగిలితే అమ్మేవారు ముందే స్టార్టు చేసి పెట్టారన్నమాట. చల్లని ఇంజనును కళ్లముందు స్టార్టు చేయించి, అరగంట తిప్పి, ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్టు చేయించనిదే బయానా ఇవ్వరాదు.

ఐటీఐలలో మోటారు మెకానిక్ ట్రేడు రెండేళ్ల చదువు. అక్కడ పాఠం చెప్పే అధ్యాపకులు, మీటర్లు, గేజీలు వున్నాయి. పల్లె షెడ్లలో చేతి నేర్పు వున్నది. పంట పనులు తగ్గిన రోజుల్లో మండలానికి ఒక రోజు చొప్పున ఈ రెండింటినీ ఒకచోట చేర్చి, పాత కార్ల పరీక్షా శిబిరాలు పెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. జిల్లా అధికారులు, ఐటీఐ ప్రిన్సిపాళ్లు వచ్చే వేసవికి ముందే ఈ విషయంపై శ్రద్ధ వహించడం అవసరం.