పక్షివిశేషము

తెలుగు నిఘంటువులు తిరగేసే అలవాటున్నవారందరికీ చిరపరిచితమైన అర్థం ఒకటుంది: "పక్షివిశేషము". ఏ పక్షి? ఏ రంగుది? నీటి ఒడ్డున మసలుతుందా, మెట్టలో తిరుగుతుందా? కోశకారుడు చెప్పడు. చెట్టయితే వృక్షవిశేషము, చేపయితే మత్స్యవిశేషము. పద్యం అర్థమయింది కదా, ముందుకు సాగమంటాడు. ఆ కోశాలు కట్టిన పండితుల శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. వారు కావ్యపాఠకుల కోసం రాశారు, కావ్యపాఠకుడికి ఆ మాత్రం చాలునని నమ్మారు. నా తగవు వారితో కాదు, మనతో. వారు ఆగిన చోటే మనమూ ఆగి, అది చాలదన్నట్టు, అక్కడే స్థిరనివాసం ఏర్పరచుకున్నాం. నేటి కథలో "దూరంగా ఏదో పిట్ట కూసింది" అన్న వాక్యం కనబడినప్పుడల్లా నాకు వినిపించేది పిట్ట కూత కాదు, వ్యావహారికంలోకి దిగివచ్చిన "పక్షివిశేషము".

ప్రబంధకవులకు పక్షుల పేర్లు వచ్చు కదా అంటారేమో. వచ్చు. చకోరం వచ్చు, హిమాలయపు కొండవాలుల్లో తిరిగే ఆ కౌజు జాతి పక్షి తెలుగునేల మీద లేనేలేదు. హంస వచ్చు, పాలనూ నీళ్లనూ వేరుచేసే పని దానికి వంశపారంపర్యంగా అప్పగించాం. జక్కవ వచ్చు, ఆ పక్షుల జంటను నాయిక స్తనాలకు ఉపమానం చేసి, అటుపైన దాని మీద మనకున్న ఆసక్తిని ముగించాం. ఆ జక్కవ నిజమైన పక్షి. టిబెట్టు, లడఖ్ వంటి ఎత్తు ప్రదేశాల్లో పిల్లలను పొదిగి, చలికాలంలో మన నదుల ఇసుకతిన్నెలకు దిగివచ్చే నారింజరంగు బాతు. దాన్ని జనం "బాపనబాతు" అన్నారు. కావ్యంలోని జక్కవా, ఇసుకతిన్నె మీది బాపనబాతూ ఒకటేనని మన సాహిత్య విద్యార్థులలో ఎందరికి తెలుసు? ఒకే పక్షికి రెండు పేర్లుండి, ఆ రెండు పేర్లకూ పరిచయం లేకపోవడమే మన భాష స్థితికి మంచి ఉదాహరణ.

ఇంత కటువుగా అనడానికి కారణం ఒక ఫాల్గుణమాసపు ఉదయం. విజయవాడ నుంచి చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా కోడూరు దాటి వెళితే కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవి వస్తుంది. ఇక్కడి సంగమంలో మునిగిన కాకి హంసగా మారిందని స్థలపురాణం. పేరులో హంస ఉంది కనుక జనం స్నానం చేసి, వేణుగోపాలస్వామిని దర్శించి, ఫోటోలు దిగి వెళ్లిపోతారు. పాలకాయతిప్ప ఇసుక వైపు కాక, వెనుకనున్న మడచెట్ల వైపు, బురద పర్ర వైపు నడిచేవారు అరుదు. 1989లో ప్రకటించిన కృష్ణా అభయారణ్యం ఈ మడ అడవుల కోసమే. విస్తీర్ణం దాదాపు 195 చదరపు కిలోమీటర్లు.

సముద్రం పాటు మీద ఉంది. నీరు వెనక్కి తగ్గిన బురద మీద వందల కొద్దీ చిన్న పక్షులు, కుట్టుమిషను సూదుల్లా ముక్కులు ఆడిస్తూ పురుగులను ఏరుకుంటున్నాయి. శీతకాలమంతా బూడిదరంగులో ఉన్నవాటిలో కొన్నింటి రొమ్ము ఇటుకరంగుకు తిరుగుతోంది. అది ప్రయాణపు ముస్తాబు. కొద్ది వారాల్లో ఒళ్లంతా కొవ్వు పట్టించుకుని లేచి, సైబీరియా ఉత్తరపుటంచున ఆర్కిటిక్ సముద్రతీరానికి పోయి అక్కడ గుడ్లు పెడతాయి. మన వసంతం కోకిలతో వస్తుందని కవులంటారు. ఈ పర్ర మీద వసంతమంటే వేల మైళ్ల ప్రయాణానికి సిద్ధమయ్యే ఈ తొందర. దీని గురించి తెలుగులో నాలుగు పద్యాలుంటే చూపించండి, తలవంచి చదువుతాను.

అక్కడే ఐదుగురు యువకులు ఖరీదైన దుర్భిణులతో ఎదురయ్యారు. తెలుగువారే. తమలో తాము క్రికెట్టు గురించి తెలుగులో మాట్లాడుకుంటున్నారు, పక్షి కనబడగానే ఆంగ్లంలోకి మారుతున్నారు. వారిని తప్పుపట్టను. వారి చేతిలోని పుస్తకం ఆంగ్లంలో ఉంది, తెలుగులో ఆ పక్షిని ఏమనాలో వారికెవరూ చెప్పలేదు. కానీ వారికి ఇరవై గజాల దూరంలో ఒక యానాది పెద్దాయన పీతలు పడుతున్నాడు. "ఇవేమిటి పెద్దాయనా?" అని అడిగితే తలెత్తకుండానే "ఉల్లంకులు బాబూ" అన్నాడు. అన్నీ ఒకటేనా? "యాడ ఒకటి? ఆ వంకరమూతిది పీత బొరియలో మూతి దూరుస్తది. పొట్టిమూతివి పైపైన ఏరుకుంటయ్. పోటు రాంగానే అన్నీ ఆ గట్టు మీదికే." ఐదుగురిలో ఒకరూ ఆయన వైపు చూడలేదు. ఉల్లంకి అనే మాట నిఘంటువులోనూ ఉంది సుమండీ! నిఘంటువూ, ఆ మనిషీ, ఆ పక్షీ మూడూ సజీవంగానే ఉన్నాయి. మూడింటినీ ఒకచోట చేర్చే తెలుగు వాక్యమే లేదు.

ఈ ఖాళీని పూరించడానికి పూనుకునేవారు మనకున్నారు, వారంటేనే నాకు ఎక్కువ భయం. ఆంగ్లనామాన్ని ముందు పెట్టుకుని సంస్కృతంలోకి దించే రకం. ఇసుకకు సైకతం, ఊదేవాడికి వేణువాదకుడు. కనుక ఉల్లంకి రేపు "సైకతవేణువాదకం" అయినా నేను ఆశ్చర్యపోను.

ఈ పని చేసి చూపినవారు లేకపోలేదు. థామస్ జెర్డన్ నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన ఆంగ్లేయుడు. 1862-64 మధ్య మూడు సంపుటాలుగా వెలువడిన తన భారతీయ పక్షుల గ్రంథంలో, పక్షుల శాస్త్రీయనామాల కింద వాటి తెలుగు పేర్లను కూడా అచ్చువేశాడు. మనకు "పక్షివిశేషము" అయినవి ఆయన పుస్తకంలో రంగూ రూపమూ నివాసమూ ఉన్న ప్రాణులు. ఇక కొల్లేరు. అక్కడ ఉన్న గూడబాతుల కాలనీని 1946లో లోకానికి తెలిపినవాడు కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ ఆంగ్లోపాధ్యాయుడు. "ఇందుచూడన్" అన్న కలం పేరుతో ఆయన 1958లో వెలువరించిన కేరళ పక్షుల పుస్తకం మలయాళ వచనంలో సాహిత్య గౌరవం పొందింది. కొల్లేటి గూడబాతులను చూసిన కళ్లు మలయాళానికి ఒక పుస్తకం ఇచ్చాయి. తరతరాలుగా ఆ బాతులను నెత్తిన పెట్టుకున్న చెట్ల కింద కూర్చున్న మనం ఏమిచ్చాం? 1975 నాటికి ఆ కాలనీయే లేకుండా పోయింది. తెలుగులో ఒక స్మృతిగీతమైనా వచ్చిందా? ఇప్పుడు ఆటపాకలో అటవీశాఖవారు నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు గూళ్లు కడుతున్నాయి. చూడముచ్చటగానే ఉంటాయి, కాదనను. చెట్టుకు బదులు ఇనుము వచ్చిందన్న సంగతి మాత్రం ముచ్చటైనది కాదు.

"పేర్లు తెలిస్తే పక్షులు బతుకుతాయా? కొల్లేరును 1999లో అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. అయినా చెరువులు మళ్లీ వచ్చాయి కదా" అని ఒక మిత్రుడు వాదించాడు. న్యాయమైన ప్రశ్న. దానికి నా జవాబు కడప జిల్లాలో ఉంది. 1848లో శాస్త్రానికి పరిచయమై, 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనుకున్న పక్షి ఒకటుంది. శాస్త్రజ్ఞులు జెర్డన్ పేరు పెట్టి దాన్ని పిలుచుకున్నారు. లంకమల చుట్టుపక్కల పల్లెల్లో మాత్రం అది కలివిపొదల మధ్య తిరిగే "కలివికోడి". 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే వేటగాడు దాన్ని పట్టుకున్నాడు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ ద్వారా లోకానికి తెలిసింది. ఎనభై ఆరేళ్లు పుస్తకాల్లో చచ్చిపోయిన పక్షి తెలుగు నోట బతికే ఉంది. తరువాత అక్కడొక అభయారణ్యం వెలిసింది. పేరు లేకపోతే ఎవరిని ఏమని అడిగేవారు? "ఏదో పిట్ట కనబడిందా" అనా?

పర్ర కథ దీనికి సరిగ్గా తలకిందులు. ఉప్పునీరు ఎక్కి దిగే ఈ బురదనేలను సర్కారు లెక్కల్లో బంజరనీ, పనికిరానిదనీ రాసుకున్నారు. 1990ల రొయ్యల హడావుడిలో ఎన్నో పర్రలు చెరువులయ్యాయి. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతపు రొయ్యల చెరువులపై తీర్పు చెప్పేనాటికే చాలా నేల చేతులు మారిపోయింది. పనికిరాని భూమికి పరిహారమెందుకు, విచారమెందుకు? "బంజరు" అన్నది భూమి విషయంలో "పక్షివిశేషము" వంటి మాటే. తెలియదని ఒప్పుకోవడానికి బదులు, తెలుసుకోదగినది ఏమీ లేదని తేల్చేస్తుంది. రొయ్యల రైతును నేను శత్రువుగా చూడడం లేదు. డెల్టా చివరి భూముల్లో వరి ఏ గతిన పండుతుందో నాకు తెలుసు. కానీ ఆ గుమాస్తా రాసిన మాటను మన కవులూ కథకులూ సవరించకపోగా అదే చూపుతో పర్రను దాటి సముద్రం మీద సూర్యోదయానికి పరుగెత్తారే, అదీ నా బాధ.

జానపదుల పేర్లు శాస్త్రానికి సరిపోవన్న ఆక్షేపణ ఉండనే ఉంది. నిజమే, ఉల్లంకి అన్న ఒక్క మాట కింద పది జాతులున్నాయి. అయితే ఆ పెద్దాయన చేసినట్టు ముక్కును బట్టి, మేతను బట్టి విశేషణం చేర్చుకోలేమా? వంకరమూతి ఉల్లంకి, పొట్టిమూతి ఉల్లంకి అంటే ఏ తెలుగువాడికి అర్థం కాదు? పందికొక్కు నుంచి ఆంగ్లానికి ఒక జంతునామాన్ని అరువిచ్చిన భాష మనది. సొంత బురద మీది పిట్టకు సొంత మాట వాడుకోవడానికి ఇంత సిగ్గెందుకో!

పెద్దలు ఇంకా ఉన్నారు కనుక అడగడానికి ఇప్పటికీ వ్యవధి ఉంది. గూడబాతు, నీటికాకి, తీతువు, ఉల్లంకి, బాపనబాతు: నా వంతుగా ఈ ఐదు. మీ ఊరి చెరువు దగ్గర, కాలువ దగ్గర, ఉప్పుమళ్ల దగ్గర వాటిని ఏమంటారో, ఏ నెలలో వస్తాయో, ఏ నెలలో పోతాయో, ఏం తింటాయో రాయండి. ముఖ్యంగా కార్తీకంలో వచ్చి చైత్రానికి కనబడకుండా పోయే ఆ నారింజరంగు బాతును మీ తాతగారు ఏమని పిలిచేవారు?