హెచ్చరికలు - వివేకము

“ఎద్దు ఈనినది” అని యొకడు చెప్పగా, “అట్లయిన దూడను గాటికి కట్టివేయుము” అని వేరొకడనెనట. ఈ సామెతను విని నవ్వని తెలుగువాడుండడు. కాని నవ్వినవారిలోనే పెక్కుమంది నిత్యము అట్టి పనినే చేయుచున్నారు. “భయంకరమైన వైరసు వచ్చుచున్నది, మీ కంప్యూటరు, మీ సెల్‌ఫోను నాశనమగును, తెలిసినవారందరికిని వెంటనే ఈ సంగతి పంపుడు” అని యొక వార్త వచ్చినంతనే, అది నిజమా యని క్షణమైనను యోచింపక పదిమందికి పంపుచున్నారు. ఎద్దు ఈనునా యని అడుగువాడు లేడు; దూడను కట్టుటకు మాత్రము అందరును సిద్ధముగా నున్నారు.

ఈ అలవాటు క్రొత్తది కాదు. పూర్వము దేవుని పేరిట పోస్టుకార్డులు వచ్చుచుండెడివి. అందలి విషయమును తిరిగి వ్రాసి ఇంతమందికి పంపినవారికి శుభము కలుగుననియు, పంపనివారికి కీడు మూడుననియు వాటిలో నుండెడిది. కీడునకు వెరచి కార్డులు కొని, చేతులు నొప్పి పుట్టునట్లు వ్రాసి పంపినవారు కలరు. నేటి వదంతికి కార్డు వెల లేదు. వ్రాయు శ్రమయు లేదు. వ్రేలితో నొక్కిన చాలును. ఒక్కొక్కరు పదేసిమందికి పంపినచో ఆరవ మెట్టున నది పదిలక్షల మందిని చేరును. పంపుటలో శ్రమ తగ్గినకొలది పంపువాని బాధ్యత పెరుగవలెను గదా!

వైరసు అనగా నేమో తెలిసినచో భయము సగము తగ్గును. అది దయ్యము కాదు. మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రాము. కంప్యూటరు దానిని నడపిననే గాని అది యే హానియు చేయజాలదు. 1994వ సంవత్సరాంతమున అమెరికాలో ‘గుడ్ టైమ్స్’ అను పేరుగల ఈ-మెయిలును గూర్చి యొక హెచ్చరిక వ్యాపించెను. ఆ లేఖను తెరచి చదివినంతనే కంప్యూటరులో దాచుకొన్న దంతయు తుడిచిపెట్టుకొని పోవునని అందుండెను. ఆనాటి సాధారణపు ఈ-మెయిలులో నుండునది కేవలము అక్షరములే. అక్షరములను చదివినంత మాత్రమున ప్రోగ్రాము నడవదు. ఆ డిసెంబరులోనే అమెరికా ఇంధనశాఖకు చెందిన కంప్యూటరు రక్షణబృందము అది అబద్ధమని ప్రకటించెను. ఐనను ఆ హెచ్చరిక పెక్కేండ్లు తిరుగుచునే యుండెను. ‘గుడ్ టైమ్స్’ అను వైరసు లేకపోయినను, వైరసు చేయు పనిని ఆ హెచ్చరికయే చేసెను. అది యొకరినుండి వేరొకరికి ప్రాకెను; అందరి కాలమును హరించెను. దానిని నడపినది యంత్రము కాదు. మనుష్యుల భయమును, వారి మంచితనమును.

2001వ సంవత్సరమున వచ్చిన మరియొక హెచ్చరిక ఇంకను విచిత్రమైనది. “మీ కంప్యూటరులో ‘సల్ఫ్‌ఎన్‌బికె’ అను ఫైలున్నదేమో వెదకి చూడుడు. ఉన్నచో అది వైరసు, వెంటనే తీసివేయుడు. వైరసులను పట్టు ప్రోగ్రాములు దీనిని కనిపెట్టలేవు” అని అందలి సారాంశము. జనులు వెదకిరి, ఫైలు కనబడెను, గుండెలు ఝల్లుమనెను. తమ చేతులతో తామే దానిని తొలగించి, మిత్రులకును ఆ వార్త పంపిరి. నిజమునకది వైరసు కాదు. పొడవైన ఫైలు పేర్లను భద్రపరచుటకై విండోస్‌తోపాటు వచ్చిన చిన్న పనిముట్టు. దానిని పోగొట్టుకొన్నందువలన గొప్ప నష్టము రాలేదు గాని, అందలి పాఠము గొప్పది. ఆ ఫైలు కనబడుటయే సాక్ష్యమని జనులు నమ్మిరి. ఆ రకపు కంప్యూటర్లన్నిటిలో సహజముగా నుండెడి వస్తువు తమ కంప్యూటరులో నుండుట దేనికి సాక్ష్యము? “మీ యింట రోలున్నచో దొంగ ప్రవేశించినట్లే” అని యెవడైన చెప్పినచో, రోలును చూచి గడగడ వడకిన గృహస్థునివలె వారు ప్రవర్తించిరి.

“అబద్ధమైన నేమి? పంపుటలో తప్పేమి? ఒకవేళ నిజమైనచో పదిమందికి మేలు చేసినవారమగుదుము గదా!” అని కొందరందురు. పైకి చూడ నిది సత్పురుషుల మాటవలె తోచును. కాని “నాన్నా, పులి!” అని కేక వేసిన బాలుని కథను మరువరాదు. అతడు పరిహాసమునకై రెండుమారులు కేక వేసెను. తండ్రి పరుగెత్తివచ్చి మోసపోయెను. నిజముగా పులి వచ్చిననాడు కేక విన్నవాడు లేడు. అసత్యపు హెచ్చరికను పంపువాడు పరిహాసమునకు పంపకపోవచ్చును. ఫలము మాత్ర మొక్కటియే. అది నిజమైన హెచ్చరికకున్న విలువను హరించును.

నిజమైన పులులు లేకపోలేదు. 2000వ సంవత్సరము మే నెల 4వ తేదీన ‘ఐ లవ్ యు’ అను శీర్షికతో ఈ-మెయిళ్లు లోకమంతట వ్యాపించెను. వాటికి జతపరచిన ఫైలును తెరచినవారి కంప్యూటరులో నొక ప్రోగ్రాము నడచి, వారి చిరునామాల పట్టికలో నున్నవారందరికిని అదే లేఖను పంపెను. అందుకొన్నవారు మిత్రుని పేరు చూచి నమ్మిరి. పంపినవాడు మంచివాడగుటచేత పంపబడినది మంచిదగునని నమ్మరాదని ఆనాడు తెలియవచ్చెను. ఈ నియమము వైరసులకే గాక వదంతులకును వర్తించును.

హెచ్చరికలన్నియు అబద్ధములేయని త్రోసిపుచ్చుటయు అవివేకమే. 2017వ సంవత్సరము మార్చి 14వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌లోని యొక లోపమును ప్రకటించి, దానిని సరిచేయు ప్రోగ్రామును కూడ విడుదల చేసెను. పలువురు దానిని తమ కంప్యూటర్లలో చేర్చుకొనలేదు. రెండు మాసములలోపుగనే, మే 12వ తేదీన, ‘వాన్నాక్రై’ అను దుష్ట ప్రోగ్రాము ఆ లోపమునుండియే ప్రవేశించెను. అది ఫైళ్లకు తాళము వేసి, విడిపించుటకు ధనమడిగెను. సుమారు నూటయేబది దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాతబడెను. ఇంగ్లండులో ఆస్పత్రుల పని స్తంభించి, వేలకొలది రోగులు చికిత్సకై వేచియుండవలసి వచ్చెను. మన ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లును చిక్కుకొనెను. మార్చి నెలలోని హెచ్చరికను మన్నించినవారి కా యాపద తప్పెను.

అట్లయిన నిజమైన హెచ్చరికను గుర్తించు టెట్లు? నిజమైన దానికి తేదీ యుండును. ఏ ప్రోగ్రామునకు ప్రమాదమో, ఏమి చేసిన తప్పునో అందు స్పష్టముగా నుండును. ప్రకటించిన సంస్థ యొక్క సొంత వెబ్‌సైటులో నది కనబడును. అసత్యపు దానికి ఇవేవియు నుండవు. పెద్ద సంస్థ పేరుండును గాని, ఆ సంస్థ ఎప్పుడు, ఎచ్చట చెప్పెనో యుండదు. సర్వనాశనమని భయముండును గాని ఉపాయముండదు. “అందరికిని పంపుడు” అను ఆజ్ఞ మాత్రము తప్పక యుండును.

ఇందుల కొక యుదాహరణము చాలును. వాట్సాప్‌లో “రేపు ‘మార్టినెల్లి’ అను వీడియో వచ్చును, తెరచినచో ఫోను పాడగును” అని యొక సందేశము బయలుదేరెను. అది అబద్ధమని స్పెయిన్ దేశపు పోలీసులు 2017లోనే ప్రకటించిరి. ఐనను ఆ సందేశము అటుతరువాత పలుమారులు తిరిగివచ్చెను. తేదీ లేని ‘రేపు’నకు అంతమేది? ఒకప్పుడు తెలుగు పల్లెలలో దయ్యమునకు వెరచి తలుపులమీద “ఓ స్త్రీ రేపు రా” అని వ్రాసెడివారు. నాటి ‘రేపు’ దయ్యమును మోసగించుటకు. నేటి ‘రేపు’ మనుష్యులను మోసగించుటకు.

ఇట్టి సందేశము వచ్చినపుడు విద్యార్థి చేయవలసిన పని కష్టమైనది కాదు. మొదట ఆగవలెను. నిదానమే ప్రధానమని పెద్దలు ఊరక చెప్పలేదు. తెలియని లంకెను నొక్కరాదు. ఎవరో చెప్పినారని ఫైళ్లను తీసివేయరాదు. సంగతి నిజమేమో మూలమునే చూచి తెలిసికొనవలెను. మన దేశమున కంప్యూటరు భద్రతకై 2004లో నెలకొల్పిన ‘సర్ట్-ఇన్’ అను ప్రభుత్వ సంస్థ తన హెచ్చరికలను తేదీతో సహా ప్రకటించుచుండును. దానిని చూచుట తెలియనిచో ఉపాధ్యాయుని గాని, తెలిసినవారిని గాని అడుగవలెను. నిశ్చయము కుదరనంతవరకు ఇతరులకు పంపరాదు. కంప్యూటరు తయారు చేసినవారు పంపు సవరణలను మాత్రము వాయిదా వేయక చేర్చుకొనవలెను.

ఒక్కొక్కప్పుడు ఆ సందేశమును పంపినవారు ఇంటి పెద్దలే కావచ్చును. అప్పుడు పదిమందిలో వారిని పరిహసించుట మర్యాద కాదు. ఊరకుండుటయు మేలు కాదు. “పెదనాన్నగారూ, ఇది పాత వదంతియట, అబద్ధమని ఫలానాచోట ప్రకటించినారు, చూడుడు” అని వేరుగా, వినయముతో విన్నవింపవలెను. పెదనాన్నగారు దానిని పంపినది బంధువుల క్షేమము కోరియే గదా! ఆ కోరిక తప్పు కాదు. దానికి తోడు కావలసినది విచారణ మాత్రమే.

వైరసునుండి యంత్రమును కాపాడుటకు ప్రోగ్రాములు కలవు. వదంతినుండి మనస్సును కాపాడుటకు అట్టి ప్రోగ్రాము లేదు, “ఎద్దు ఈనునా?” అను ప్రశ్న యొక్కటియే కలదు. దూడకై త్రాడు వెదకుటకు ముందే ఆ ప్రశ్న నడుగ నేర్చినవాడు తాను మోసపోడు. తన మాట నమ్మినవారిని మోసపుచ్చడు. నిజముగా పులి వచ్చిననాడు అతడు వేసిన కేకకు ఊరంతయు కదలివచ్చును.