‘విజయనగరం కు’ అని రాసిందెవరు?

బస్సు టికెట్ల పేజీలోనో, ఏదో ఒక దరఖాస్తు ఫారంలోనో ‘విజయనగరం కు’, ‘తిరుపతి కు’, ‘2 ప్రయాణికులు’ లాంటి మాటలు కనబడితే మనం అనువాదకుణ్ని తిట్టుకుంటాం. పాపం, అందులో అతని తప్పు చాలా తక్కువ. వాక్యం అతని చేతికి రానేలేదు, వచ్చింది ఒక్క విభక్తి. దాన్ని ‘కు’ అని సరిగానే రాసిచ్చాడు. ఊరి పేరును డేటాబేస్ నుంచి తెచ్చి, పక్కన ఈ ‘కు’ను అతికించి, మధ్యలో ఖాళీ వదిలింది పేజీ. ఆ పేజీని ఎక్కడ కోయాలో, ఎన్ని ముక్కలు చేయాలో తేల్చింది ప్రోగ్రామర్. వెబ్‌సైట్ల తయారీలో వ్యూ టెంప్లేట్ల, అంటే పేజీల మూసల, అమరిక అనే పని ఒకటుంది. అది ఆ వృత్తివాళ్ల ఇంటి గొడవ అనుకుంటాం గానీ, దాని మంచిచెడ్డలు చివరికి మన ముందున్న తెర మీదే తేలతాయి. ఆ అమరికకు సాధారణంగా వాడుతున్న కొలబద్దే తప్పని నా వాదన. చూడ్డానికి ఒకేలా ఉన్నవాటిని ఒక మూసలో పోస్తున్నారు. పోయాల్సింది ఒకే కారణంతో మారేవాటిని.

కాస్త వెనక్కి వెళ్తే సంగతి తేటపడుతుంది. 1995లో రాస్మస్ లెర్డార్ఫ్ పీహెచ్‌పీని బయటికి వదిలినప్పుడు దాని పేరు ‘పర్సనల్ హోమ్ పేజ్’ పనిముట్లు. హెచ్‌టీఎంఎల్ పేజీ మధ్యలో అక్కడక్కడా కోడ్ దూర్చడం దాని పుట్టుగుణం, అంటే పీహెచ్‌పీయే ఒక టెంప్లేట్ భాష. ఆ సౌకర్యమే తర్వాత తలనొప్పి అయింది. ఒకే ఫైలులో డేటాబేస్ ప్రశ్న, లెక్క, పట్టిక, రంగు అన్నీ కలగాపులగం. ఆ చిక్కు విడదీయడానికే స్మార్టీ, ట్విగ్ లాంటివి పుట్టాయి. 2011లో టేలర్ ఆట్‌వెల్ మొదలుపెట్టిన లారావెల్ ఫ్రేమ్‌వర్క్‌లో ఆ పని చేసేది బ్లేడ్. హెడర్, ఫుటర్, మెనూ ఉన్న పేజీ చట్రం ఒక లేఅవుట్‌లో ఉంటుంది. ఒక పేజీలోకి ఇంకో చిన్న ఫైలును ఇన్‌క్లూడ్ చేసుకోవచ్చు. 2017లో వచ్చిన 5.4 వెర్షన్ నుంచి మళ్లీ మళ్లీ వాడుకునే ముక్కలైన కాంపోనెంట్లు, వాటిలో నింపుకునే ఖాళీలైన స్లాట్లు కూడా వచ్చాయి. జంతికల గొట్టం చూసినవాళ్లకు స్లాట్ అంటే వేరే చెప్పనక్కర్లేదు. గొట్టం అదే, లోపలి బిళ్ల మారిస్తే సన్న కారప్పూస. 2020లో ఏడో వెర్షన్ వచ్చాక కాంపోనెంట్‌ను మామూలు హెచ్‌టీఎంఎల్ ట్యాగులా రాసే వీలు కలిగింది, దాంతో ముక్కలు చేయడం మరీ తేలికైపోయింది. కత్తి పదునెక్కినప్పుడే ఎక్కడ కోస్తున్నామో ఎక్కువగా చూసుకోవాలి.

కొత్త జిల్లాల సంగతే తీసుకోండి. 2016 అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. ‘మీ జిల్లా ఎంచుకోండి’ అనే డ్రాప్‌డౌన్ ఉన్న ప్రతి సైటూ ఆ తేదీలకు మారాల్సిందే. జాబితాను పది పేజీల్లో కాపీ పేస్ట్ చేసి ఉంటే పదింటినీ వెతకాలి. సాధారణంగా తొమ్మిది దొరుకుతాయి. దొరకని ఆ పదోది ఎంత చేటు చేయగలదో వరంగల్ చెబుతుంది. 2016కు ముందు వరంగల్ అంటే పెద్ద ఉమ్మడి జిల్లా. విభజనలో అది ఐదు జిల్లాలైంది, వాటిలో రెండు వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్. 2021 ఆగస్టులో అర్బన్ పేరు హనుమకొండ అయింది, రూరల్ పేరు వరంగల్ అయింది. పాత పేజీలో మిగిలిపోయిన ‘వరంగల్’, కొత్త జాబితాలోని ‘వరంగల్’ అక్షరాల్లో ఒకటే, నేల మీద వేరు. ఏ స్పెల్లింగ్ తనిఖీకీ చిక్కని తప్పిది. అయితే డ్రాప్‌డౌన్‌ను ఒక కాంపోనెంట్ చేసి జాబితాను అందులోనే రాసేస్తే సగం పనే అవుతుంది. జిల్లాల పేర్లు ప్రభుత్వ గెజిట్‌ను బట్టి మారతాయి, డ్రాప్‌డౌన్ రూపం డిజైనర్‌ను బట్టి మారుతుంది. కారణాలు రెండు కాబట్టి చోట్లూ రెండు: పేర్లు డేటాబేస్ పట్టికలో, రూపం కాంపోనెంట్‌లో.

‘ఇందులో కొత్తేముంది, ఒకే మాట రెండుసార్లు రాయొద్దన్న పాత పాఠమేగా’ అనొచ్చు. ఆ పాఠానికి పేరు తెచ్చింది 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ రాసిన ‘ద ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ పుస్తకం. వాళ్లు వద్దన్నది ఒకే సంగతి రెండు చోట్ల ఉండటాన్ని. చదివినవాళ్లు చాలామంది ఒకేలాంటి లైన్లు రెండు చోట్ల ఉండకూడదని అర్థం చేసుకున్నారు. ఈ తేడా చిన్నదిగా కనబడుతుంది, దాని ఫలితం మాత్రం చిన్నది కాదు. ఒక పథకం సైటులో లబ్ధిదారు కార్డు, అధికారి కార్డు ఉన్నాయనుకుందాం. రెండింట్లోనూ ఫొటో, పేరు, ఊరు, ఫోన్ నంబరు. ఇంత పోలిక కనబడగానే రెంటినీ ఒకే టెంప్లేట్ చేస్తారు. కొన్నాళ్లకు లబ్ధిదారు ఫోన్ నంబరు దాచమంటారు, అధికారిది పెద్ద అక్షరాల్లో చూపమంటారు. ఒకరికి చెల్లింపు స్థితి చేరుతుంది, ఇంకొకరికి ఆఫీసు వేళలు. ప్రతి కోరికకూ టెంప్లేట్‌లో ఒక ‘ఇఫ్’ పుడుతుంది. చివరికి దాన్ని ముట్టుకోవడానికే అందరికీ భయం. అధికారి కార్డు కోసం చేసిన మార్పు ఒక షరతును తలకిందులు చేస్తే లబ్ధిదారుల నంబర్లన్నీ బయటపడతాయి. అసలు ఆ రెండు కార్డులూ ఒకటి కావు, ఒక రోజున ఒకేలా ఉన్నాయంతే. రూబీ ప్రోగ్రామర్ శాండీ మెట్జ్ 2016లో ఇదే సంగతి రాశారు: పొరపాటు మూస కంటే కాపీ ఖర్చు తక్కువని. మార్టిన్ ఫౌలర్ ‘రీఫ్యాక్టరింగ్’ పుస్తకంలోనూ మూడోసారి ఎదురైనప్పుడే కలపమన్న సూత్రం ఉంది. రెండుసార్లు కనబడితే కాకతాళీయం కావచ్చు, ఆగి చూడటంలో నష్టం లేదు.

ఇక ఫోల్డర్ల మాట. పెద్దగా ఆలోచించకుండా పెరిగిన ప్రాజెక్టుల్లో ‘కామన్’ అనే ఫోల్డర్ ఒకటి తయారవుతుంది. అది ఇంట్లో అటక లాంటిది. ఎక్కడ పెట్టాలో తెలియనివన్నీ అక్కడికెక్కుతాయి, దించేవాడు ఉండడు. చెల్లింపుల పేజీ ఒక్కటే వాడే రసీదు ముక్క అటక మీద ఉంటే, అది ఇంకెవరికో అవసరమేమోనన్న అనుమానంతో దాన్ని తీసేయడానికి చెయ్యి రాదు. చెల్లింపులకు సంబంధించిన ముక్కలు చెల్లింపుల ఫోల్డర్‌లోనే, వాడే పేజీ పక్కనే ఉండాలి. సైటు అంతటా తిరిగే బటన్, ఇన్‌పుట్ గడి, హెచ్చరిక పెట్టె లాంటి కొన్నిటికే కాంపోనెంట్ల ఫోల్డర్‌లో చోటివ్వాలి. మంచి లేఅవుట్‌లు ఒకటో రెండో చాలు. ఇన్‌క్లూడ్‌కూ కాంపోనెంట్‌కూ ఉన్న తేడా కూడా ఇక్కడే పనికొస్తుంది. బ్లేడ్‌లో ఇన్‌క్లూడ్ చేసిన ఫైలుకు పిలిచిన పేజీలోని వేరియబుల్స్ అన్నీ కనబడతాయి. ఆ ముక్క దేనిమీద ఆధారపడిందో దాని తల చూసి చెప్పలేం, ఇంకో పేజీలోకి తీసుకెళ్తే ఏదో ఒక పేరు దొరక్క కూలుతుంది. కాంపోనెంట్‌కు మాత్రం చేతికిచ్చినదే తెలుస్తుంది, ఏమేం కావాలో మొదటి లైనులోనే చెప్పుకుంటుంది. అందుకే పక్కింటికి పంపే ముక్క కాంపోనెంట్‌గానే ఉండాలి, ఇంట్లోనే ఉండేదానికి ఇన్‌క్లూడ్ చాలు. ముక్క ఎంత బుద్ధిమంతురాలైనా డేటాబేస్ దగ్గరికి తానే వెళ్లకూడదు. 50 దరఖాస్తుల జాబితాలో ప్రతి వరుసా తన మండలం పేరు కోసం విడిగా అడిగితే మొత్తం 51 ప్రశ్నలు. పేజీ నెమ్మదించడానికి ఇంతకంటే మామూలు కారణం లేదు. ఇలాంటి దొంగచాటు ప్రశ్నలను తయారీ దశలోనే ఆపేసే ఏర్పాటు 2021లో లారావెల్‌లోకి వచ్చింది, వాడుకోవాలంతే.

ఇప్పుడు విజయనగరం దగ్గరికి వద్దాం. ఇంగ్లిష్ వాక్యం టెంప్లేట్‌లకు అనుకూలంగా ఉంటుంది. ఊరి ముందు ఒక చిన్న మాట పెడితే ఏ ఊరైనా సరిపోతుంది, ఊరి పేరు చెక్కుచెదరదు. తెలుగులో అలా కుదరదు. కడపకు, తిరుపతికి, విజయనగరానికి: మూడు ఊళ్లకు మూడు రూపాలు, మూడోదానిలో ఊరి పేరే మారింది. మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు, ముగ్గురు, నలుగురు. టికెట్లను లెక్కపెట్టేటప్పుడు రెండు, మూడు, నాలుగు. ఒకటైతే ‘ఉంది’, ఎక్కువైతే ‘ఉన్నాయి’. ఇన్ని విధాలుగా ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే మాటల మధ్య కత్తి పెట్టి ఊరి పేరు ఒక కాంపోనెంట్‌లో, అంకె ఇంకోదానిలో, క్రియ మూడోదానిలో ఉంచితే అనువాదకుడు ఎవరైనా చేసేదేమీ లేదు. వాక్యం ఒకటిగా మారుతుంది కాబట్టి ఒకటిగానే ఉండాలి. లారావెల్‌లో భాషా ఫైళ్లు వేరుగా ఉంటాయి, పూర్తి వాక్యాన్ని అందులో ఉంచి ఊరికీ అంకెకూ చోటు వదలొచ్చు. ఏకవచనానికీ బహువచనానికీ రెండు వాక్యాలు పక్కపక్కన రాసుకునే వీలూ ఉంది. విభక్తి చిక్కు అప్పటికీ తీరదు. దానికి రెండు దారులు: ఊళ్ల పట్టికలో ‘విజయనగరానికి’ అనే రూపాన్ని కూడా ఒక గడిలో దాచుకోవడం, లేదంటే వాక్యం జోలికే పోకుండా ‘చేరే ఊరు: విజయనగరం’, ‘ప్రయాణికుల సంఖ్య: 2’ అని రాయడం. రెండోది మన రైల్వే రిజర్వేషన్ ఫారాలంత పాత పద్ధతి. అందంగా ఉండదేమో, తప్పుగా మాత్రం ఉండదు.

ఒకేచోట ఉండి తీరాల్సినవి కూడా ఉన్నాయి, వాటి విషయంలో మొహమాటం పనికిరాదు. ఫారంలోని ఇన్‌పుట్ గడి అలాంటిది. గడికీ దాని పేరుకూ కోడ్‌లో ముడి వేయకపోతే తెర చదివే సాఫ్ట్‌వేర్ వాడే అంధులకు ఆ గడి ఏమిటో తెలియదు. ముడి ఒక కాంపోనెంట్‌లో వేస్తే సైటులోని ఫారాలన్నీ బాగుపడతాయి. బటన్ ఎత్తు ఇంకొకటి. ఇంగ్లిష్ అక్షరాలకు కొలిచి ఎత్తు బిగిస్తే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ లాంటి మాటల కింది వత్తులు తెగిపోతాయి. యూజర్ రాసిన మాటను తెర మీదికి తేవడం అన్నిటికంటే ముఖ్యమైనది. నాలుగో వెర్షన్ దాకా బ్లేడ్‌లో రెండు మీసాల బ్రాకెట్ల మధ్య రాసినది ఉన్నదున్నట్టు పేజీలోకి వెళ్లేది, దాంతో ఎవరైనా పేరు గడిలో స్క్రిప్టు రాసి పంపితే అది నడిచేది. 2015లో ఐదో వెర్షన్ ఆ గుర్తుల అర్థాన్నే మార్చి, దాన్ని సురక్షితం చేసింది. ఆ మార్పు మంచిదే. కానీ పాత గుర్తులను వందల ఫైళ్లలో వెదజల్లినవాళ్లు ఒక్కోదాన్నీ తెరిచి చూసుకోవాల్సి వచ్చింది. నాలుగు ఇన్‌క్లూడ్ ఫైళ్లలో పెట్టుకున్నవాళ్లు ఆ నాలుగే చూసుకున్నారు.

ముక్కలు పెరిగితే సైటు నెమ్మదిస్తుందనే అభ్యంతరం వింటుంటాం. బ్లేడ్ ప్రతి టెంప్లేట్‌నూ ఒకసారి మామూలు పీహెచ్‌పీగా మార్చి దాచుకుంటుంది, ఫైలు మారితేనే మళ్లీ మారుస్తుంది. ముక్కల భారం ఉంది, అది డేటాబేస్ ప్రశ్నల భారం ముందు దిగదుడుపు. రియాక్ట్, వ్యూ లాంటి జావాస్క్రిప్ట్ సాధనాల రోజుల్లో సర్వర్ టెంప్లేట్‌ల గురించి చర్చ దేనికని ఇంకొందరంటారు. అక్కడా కాంపోనెంట్లే, అక్కడా ‘విజయనగరం కు’ అనే వస్తుంది. వీటికంటే బలమైన వాదన ఇప్పుడొచ్చింది: కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాలుండగా పది కాపీలు రాయడం క్షణం పని, ఈ పొదుపంతా ఎందుకని. రాయడం ఖరీదని ఎవరూ అనలేదు. పదో కాపీ ఎక్కడుందో వెతకడం ఖరీదు. ఏఐ సాధనం తనకు అందుబాటులో ఉన్న ఫైళ్లలోనే వెతుకుతుంది, అందనిచోట మిగిలిన ‘వరంగల్’ దానికీ కనబడదు. ఇక గడువు దగ్గర పడ్డ చిన్న బృందాలకు ఇదంతా తీరికగలవాళ్ల మాటగా తోచవచ్చు. నిజానికి నేనడిగేది తక్కువ మూసలు. వాళ్లు ఆదరాబాదరాగా కలిపేసే రెండు కార్డులను విడిగా వదిలేయమంటున్నాను, అది పని తగ్గించేదే.

ప్రజలు వాడే సైటును కాంట్రాక్టరు నుంచి అప్పజెప్పించుకునే అధికారులకు ఒక విన్నపం. ఆ రోజున ఒక జిల్లా పేరు మార్చి చూపించమనండి, అందుకు ఎన్ని ఫైళ్లు తెరిచారో పక్కనుండి లెక్కపెట్టండి. తర్వాత చేరే ఊరిగా విజయనగరాన్ని ఎంచుకుని, తెర మీద ఏం రాసుందో చదివాకే సంతకం చేయండి.